అకోసీత దాచడం మరిచినది

పెద్దాడపడుచు టెలేసియా శుక్రవారం పడవ దిగుతోందని కబురు తెలియగానే అకోసీత ఇంట్లోంచి సామాను బయల్దేరింది. పెళ్ళిళ్ళకని నేసుకున్న చాపలు మూడూ చుట్టలు చుట్టుకుని పక్కింటికి వెళ్ళాయి. టీవీ దుప్పటి కప్పుకుని అకోసీత తమ్ముడింటికి చేరింది. సూడిపందిని వెనిలా తోటలో, బాట మీంచి కనిపించనంత లోపల కట్టేశారు. పూలగాజు గ్లాసుల్ని అకోసీత తన చేత్తో పిండి డబ్బాలో పూడ్చిపెట్టింది.

ఇది దొంగల భయం కాదు. దొంగ వస్తే కర్ర తీసుకుని తరమొచ్చు. మొగుడి అక్క వస్తే చాప పరిచి కూర్చోబెట్టాలి. టోంగాలో తోడబుట్టినవాడికంటే తోడబుట్టినది పై మెట్టు. ఆవిడ తమ్ముడింటికి వచ్చి ఏ వస్తువునైనా చూసి "బాగుందే" అందంటే ఆ వస్తువు ప్రయాణానికి సిద్ధమైనట్టే. కాదనడానికి మాటలు లేకపోలేదు గాని వాటిని ఇంతవరకూ ఎవరూ వాడి చూడలేదు. పోయినసారి టెలేసియా వచ్చినప్పుడు కుట్టుమిషను చప్పుడు విని, "ఎంత మెత్తగా నడుస్తోందే!" అంది. మిషను ఆవిడతో పాటే పడవెక్కింది. న్యాయంగా చెప్పాలంటే, ఆవిడ రాజధాని నుంచి ఏటా పిల్లలకు బూట్లు, బస్తాల కొద్దీ పిండి పంపుతూనే ఉంటుంది. కానీ వచ్చిన బస్తా నెలలో అయిపోతుంది, పోయిన మిషను రోజూ గుర్తొస్తుంది.

అకోసీత కాపురం వవావు దీవుల్లోని ఒక చిన్న ఊళ్ళో. మొగుడు కిటియోనే వెనిలా, పెండలం పండిస్తాడు. పిల్లలిద్దరు. కూతురు వికాకు తొమ్మిదేళ్ళు, కొడుకు సటేకీకి ఏడు. ఒకే కడుపు, ఒకే కొబ్బరినూనె, ఒకే చీపురుకట్ట. పెంపకంలో తేడా చూపించిందని అకోసీతను ఎవరూ అనలేరు. అయినా ఫలితాలు రెండు వేర్వేరు దేశాల నుంచి దిగుమతి అయినట్టు వచ్చాయి.

వికాకు ఆరేళ్ళప్పుడు ఒక బుధవారం మధ్యాహ్నం చర్చి ముందున్న, ప్రార్థనకు పిలిచే చెక్కడోలు ఎక్కి మోగించింది. ఊరు సగం, చర్చికి వెళ్ళే మర్యాద ప్రకారం నడుముకు చాపలు చుట్టుకుని, ప్రార్థనకు వచ్చేసింది. పాస్టరుగారు కూడా వచ్చిన జనాన్ని వదులుకోవడం ఇష్టం లేక గంటసేపు ప్రసంగించారు. ఆ పిల్లకు గొంతు తగ్గించడం తెలియదు, నడవడం అంతకన్నా తెలియదు. వెనిలా పూలకు పుప్పొడి అంటించే పనికి తీసుకెళితే పొద్దున్నే విచ్చిన పూలన్నీ మధ్యాహ్నానికి నేలమీద ఉంటాయి.

సటేకీ అదే పనికి వెళితే వేరు. సన్నటి పుల్ల పట్టుకుని, పువ్వు లోపలి పొరను పైకెత్తి, బొటనవేలితో అలా ఒత్తి, పక్క పువ్వుకు జరుగుతాడు. గంటలకొద్దీ మాటుండదు. వాడు అంటించిన పువ్వు కాయ కాయకుండా ఉండదు. ఒకసారి "నేనొచ్చేదాకా ఇక్కడే కూర్చో" అని చెప్పి అకోసీత ఎవరింటికో చావు పరామర్శకు వెళ్ళి ఆ మాటే మరిచిపోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి వాడు అక్కడే ఉన్నాడు. మధ్యలో వాన వచ్చి వెలిసినట్టు వాడి చొక్కా చెబుతోంది. ఊరంతా ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయింది. అకోసీత మాత్రం ఆ పూట వాడి తల తుడుస్తూ, వీడి లోపల ఏముందో నాకేం తెలుసు అనుకుని కొంచెం భయపడింది. తర్వాత వికా ఎవరింటి మీదో ఎక్కిందని కేకలు వినబడడంతో ఆ భయానికి తీరిక దొరకలేదు.

ఇంత తేడా ఎందుకొచ్చిందో ఊళ్ళో అందరికీ తెలుసు. అకోసీత వికా కడుపులో ఉన్నప్పుడు ఆక్టోపస్ తిన్నదని పాస్టరుగారి భార్య తీర్పు. రెండోసారి అదే తిన్నానని అకోసీత అంటే, "అది ఆడ ఆక్టోపస్ అయ్యుంటుంది" అందావిడ. పిల్లల పెంపకం మీద అభిప్రాయం లేనివాడు ఊళ్ళో ఒక్కడే. అతనే వాళ్ళ నాన్న.

టెలేసియా శుక్రవారం దిగింది. ఏదో ప్రభుత్వ కార్యాలయంలో పెద్ద పదవి చేసి దిగిపోయిన మనిషి, పిల్లల్లేరు, మొగుడు పోయి పదేళ్ళయింది. ఇంట్లోకి వచ్చి నాలుగు గోడలూ చూసి, "ఇల్లు చాలా బోసిగా ఉందే, అమ్మాయ్!" అంది.

"ఉప్పుగాలికి సామాను నిలవదు వదినా," అంది అకోసీత.

ఆదివారం పిల్లల పండుగ. మే మొదటి ఆదివారం పిల్లలు తెల్లబట్టలు వేసుకుని చర్చి ముందు నిలబడి కంఠతా పట్టిన వాక్యాలు చెబుతారు, పెద్దవాళ్ళు వింటూ ఏడుస్తారు. బాగా చెప్తే సంతోషంతో ఏడుస్తారు, మరిచిపోతే జాలితో ఏడుస్తారు. ఎటు చూసినా చేతిరుమాళ్ళకు పని.

వికాకు రెండే రెండు వాక్యాలు ఇచ్చారు, మూడోది ఇచ్చే ధైర్యం చాలక. అది రెండూ చెప్పేసి, "వెనకున్నవాళ్ళకి వినబడిందా?" అని అడిగింది. ఊరు వాడా వినబడిందని వెనకనుంచి ఎవరో అన్నారు. అకోసీత తల దించుకుంది. తర్వాత సటేకీ వచ్చాడు. చేతులు పక్కకి పెట్టుకుని, ఎవరివంకా చూడకుండా, నలభై వాక్యాలు పువ్వు పువ్వుకీ జరిగినట్టే చెప్పుకుంటూ వెళ్ళాడు. ఒక్క మాట తప్పలేదు. చర్చి మొత్తం ముక్కు చీదింది.

ముందు వరసలో కూర్చున్న టెలేసియా కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా, "ఎంత ముత్యంలాంటి పిల్లాడే! ఎవరి పెంపకం?" అంది.

అకోసీత అప్పటికి రెండు రోజులుగా చాపలు, గ్లాసులు, పంది గురించే ఆలోచిస్తోంది. ఆ పొగడ్తకు గర్వంతో పొంగిపోయింది. మర్యాదకు నోటికొచ్చే మాటే వచ్చింది.

"నాదేముంది వదినా, అంతా మీ రక్తమే. మీ బిడ్డే అనుకోండి."

పక్కన కూర్చున్న పాస్టరుగారి భార్య విసనకర్ర ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది అకోసీతకు, ఇంట్లో సామానంతా దాచి ఏం దాచడం మరిచిపోయిందో.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అది ఖాయమైంది. నేలలో తవ్విన పొయ్యి లోంచి తీసిన పందిపిల్ల, కొబ్బరిపాలతో చేమాకుల్లో చుట్టిన మాంసం, పెండలం ముక్కలు వరసగా పెట్టారు. ఆ ఒక్క రోజు పిల్లలకే ముందు వడ్డన. టెలేసియా సటేకీని పక్కన కూర్చోబెట్టుకుని, "నా బిడ్డకి తొడముక్క వెయ్యండి," అంది. తర్వాత చెయ్యి కడుక్కుంటూ, ఉప్పు అందుకోమన్నంత తేలిగ్గా, "మంగళవారం పడవకి వాడి బట్టలు సర్దమ్మా. అక్కడ మంచి బడి ఉంది. నాకూ ఇల్లు బోసిపోతోంది," అంది.

"చాలా సంతోషం వదినా," అంది అకోసీత నోరు. మిగతా మనిషి ఆ మాటతో ఏకీభవించలేదు.

సోమవారం పొద్దున్నే తోటలో మొగుణ్ణి పట్టుకుంది.

"మీ అక్క అడిగినప్పుడు నువ్వక్కడే ఉన్నావుగా. ఏమన్నావు?"

"దగ్గాను," అన్నాడు కిటియోనే.

"దగ్గావా!"

"గట్టిగానే దగ్గాను. అక్క మంచినీళ్ళు ఇమ్మంది."

"ఆ పిల్లాడు నీకు అక్కర్లేదా?"

కిటియోనే వెనిలా తీగను సరిచేయసాగాడు. "అక్కర్లేకపోవడమేమిటే," అన్నాడు చివరికి. "నేను పుట్టాక మా అక్క నన్నేదైనా అడగడం, నేను కాదనడం జరగలేదు. ఎలా అంటారో నాకు తెలియదు." తీగ అప్పటికే సరిగ్గా ఉంది. అయినా సరిచేస్తూనే ఉన్నాడు.

అక్కణ్ణించి పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకుని విని, బైబిల్లో హన్నా కూడా లేక లేక పుట్టిన సమూయేలును దేవుడి మందిరంలో ఇచ్చేసింది కదా అమ్మా, త్యాగంలో గొప్ప ఆనందం ఉంది అన్నారు.

"హన్నాకి ఆ తర్వాత అయిదుగురు పుట్టారు కదండీ," అంది అకోసీత. "నాకు డాక్టరమ్మ ఇంక వద్దంది. పైగా మీ ఆరుగురు పిల్లలూ మీ దగ్గరే ఉన్నారుగా, ఆనందం లేకుండా ఎలా ఉంటున్నారు?"

పాస్టరుగారు కళ్ళు తెరిచి, ప్రార్థన చేద్దామన్నారు. ఆయన దగ్గర ప్రతి ఇబ్బందికరమైన ప్రశ్నకూ అదే తలుపు.

ఇక మిగిలింది బేరం. మధ్యాహ్నం టెలేసియా కాళ్ళకు నూనె రాస్తూ అంది: "వదినా, సటేకీ ఇంకా పసివాడు, పక్క తడుపుతాడు." ఇది అబద్ధం. "వికా అయితే చేతికందొచ్చింది. ఇల్లు ఊడుస్తుంది." ఇది అంతకన్నా పెద్ద అబద్ధం. "వికాను తీసుకెళ్ళండి."

అనైతే అంది. రోజుకు నాలుగుసార్లు ఆ పిల్లను ఎవరికైనా ఇచ్చేస్తానని ఊరంతా వినేలా అరిచే మనిషి, ఇప్పుడు నిజంగా ఇవ్వజూపి, దేవుడా ఈవిడ సరేనంటే నేనేం చెయ్యను అని వణికింది.

"అదా!" అంది టెలేసియా. "అది నీ దగ్గరే ఉండనీ. మా పక్కింటివాళ్ళు నెమ్మదస్తులు."

అకోసీతకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది. నా పిల్లకేం తక్కువ? మీ పక్కింటివాళ్ళేమన్నా మహారాజులా? నూనె కొంచెం గట్టిగా రుద్దింది.

గది మధ్యలోని తెర వెనక నుంచి వికా తల బయటికొచ్చింది. "నన్నెందుకు వద్దంటోంది?" అని అమ్మనే నిలదీసింది.

"పోవే అవతలికి!"

ఆఖరి ఉపాయం సటేకీ చేతే చెడ్డపనులు చేయించడం. పెరట్లోకి తీసుకెళ్ళి చెప్పింది: "అత్త ముందు ఏదైనా పగలగొట్టరా. మాట వినకు. అల్లరి చెయ్యి."

"ఏం పగలగొట్టనమ్మా?"

"ఏదైనా! టీ కప్పు."

వాడు తల ఊపి లోపలికి వెళ్ళాడు. టెలేసియా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అత్తయ్యా, నేనిప్పుడు ఈ కప్పు పగలగొడుతున్నాను," అని చెప్పి, చాపకు దూరంగా జరిపి, నేలమీద వదిలాడు. కప్పు పగిలింది. చీపురు తెచ్చి ముక్కలన్నీ ఎత్తాడు. మూలల్లో కూడా ఊడ్చాడు.

"ఎవరు చెప్పార్రా నీకు?" అంది టెలేసియా.

"అమ్మ చెప్పింది అత్తయ్యా."

టెలేసియా తలెత్తి గుమ్మంలో నిలబడ్డ అకోసీతను చూసింది. కోపం లేదు. అంతకంటే కష్టమైనది, జాలి ఉంది. "ఇంత మాట వినే పిల్లాణ్ణి నేనెక్కడా చూడలేదు," అంది. ఆ తర్వాత చెయ్యడానికేం లేదు.

మంగళవారం పొద్దున్న సాగనంపే ప్రార్థనకు ఇంటినిండా జనం. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. టెలేసియా పై చోట కూర్చుంది, పక్కన పాస్టరుగారు. సటేకీ లోపలి తెర వెనక మూట దగ్గర ఉన్నాడు. పాస్టరుగారు త్యాగం గురించి మొదలుపెట్టి హన్నా దాకా వచ్చేసరికి, వికా అందరి మధ్యలోంచి నిటారుగా నడుచుకుంటూ వచ్చి మేనత్త ముందు నిలబడింది. మేనత్త కూర్చుని ఉండగా ఆమె ముందు నిలబడడమంటే చర్చిలో టోపీ పెట్టుకోవడం లాంటిది.

"కూర్చోవే!" అని అకోసీత పళ్ళ మధ్య నుంచి అరిచింది.

వికా కూర్చుంది. కూర్చున్నా గొంతు మాత్రం నిలబడే ఉంది.

"అత్తా, మా ఇంట్లో ఏది కావాలన్నా నువ్వు తీసుకుంటావు కదా. ఎందుకు తీసుకుంటావు?"

"నేను మీ నాన్నకి అక్కని కాబట్టి," అంది టెలేసియా.

"అక్కయితే తమ్ముడివన్నీ అక్కవేనా?"

"అంతే మరి."

"సటేకీకి అక్కెవరు?"

అందరి తలలూ వికా వైపు తిరిగాయి.

"నేను," అంది వికా. "వాణ్ణి నేనివ్వను."

పాస్టరుగారు ఆకాశంలోంచి సహాయం వస్తుందేమోనన్నట్టు పైకప్పు వంక చూశారు. టెలేసియా విసనకర్ర ఊపుతూ, "నేను మీ నాన్నకే కాదు, నీకూ పెద్దే. నీ మీదా నా మాటే చెల్లుతుంది," అంది.

"నా మీద చెల్లితే నన్ను తీసుకెళ్ళు. నన్ను వద్దన్నావుగా! వాడు పెద్దవాడై, వాడికి పిల్లలు పుడితే, నేను పడవెక్కి వాళ్ళింటికి వెళ్ళి ఏది బాగుంటే అది తెచ్చుకోవాలా వద్దా? నువ్వు పెంచితే వాడికున్నవన్నీ నువ్వు పెట్టినవే అంటావు. అప్పుడు నాకేం మిగులుతుంది? నీకు మాత్రం కుట్టుమిషను మిగిలింది."

ఆడవాళ్ళ వైపు చిన్న గొణుగుడు లేచింది. అక్కడ కూర్చున్న ప్రతి ఆడదీ ఎవరో ఒక మగవాడికి అక్కో చెల్లెలో. ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఒక తమ్ముడి ఇల్లు, ఆ ఇంట్లో ఒక మంచి చాప ఉన్నాయి. "పిల్ల చెప్పిందాంట్లో తప్పేముంది?" అంది పాస్టరుగారి భార్య. త్యాగం గొప్పదని నిన్న చెప్పింది ఆవిడ మొగుడే. ఆవిడకు ముగ్గురు అన్నలు.

టెలేసియా విసనకర్ర ఆగింది. కావాలంటే ఒక్క మాటతో ఆ పిల్ల నోరు మూయించగలదు, ఎవరూ ఎదురు చెప్పరు. కానీ ఆ ఒక్క మాటా అనాలంటే అక్క మాట తమ్ముడి మీద చెల్లదని అరవైమంది ముందు తన నోటితోనే అనాలి. ఆ మాట మీదే కదా ఆవిడ నలభై ఏళ్ళుగా కూర్చుని ఉంది.

"ఇది ఎవరి పోలికరా?" అని తమ్ముణ్ణి అడిగింది.

కిటియోనే జీవితంలో మొదటిసారి పిల్లల విషయంలో ఒక అభిప్రాయం వెలిబుచ్చాడు. "అచ్చం నీ..."

"అందరి పోలికా కొంచెం కొంచెం ఉంది వదినా!" అని అకోసీత మధ్యలో దూకింది. అంత వేగంగా ఆమె జన్మలో మాట్లాడలేదు.

టెలేసియా మరదలి వంక చూసింది. పెదవి చివర ఏదో కదిలింది, నవ్వని మాత్రం చెప్పలేం. "వాణ్ణి వాళ్ళక్క దగ్గరే ఉంచండి," అంది. "పాస్టరుగారూ, హన్నాను త్వరగా ముగించండి, పడవకి టైమవుతోంది." తర్వాత పెరట్లో పెండలం బస్తాలు చూసి బాగున్నాయంది. కిటియోనే రెండు బస్తాలు భుజాన వేసుకుని రేవుకు పరిగెత్తాడు. అంత ఉత్సాహంగా వస్తువు పోగొట్టుకున్న మనిషిని ఊరు చూడలేదు.

జనం రేవు వైపు కదిలాక అకోసీత తెర తీసుకుని లోపలికి వెళ్ళింది. సటేకీ మూట పక్కన కూర్చుని ఉన్నాడు. చొక్కాలు నాలుగు మడతలూ సమానంగా పెట్టి వాడే సర్దుకున్నాడు.

"నువ్వు వెళ్ళక్కర్లేదురా," అంది ఊపిరి పీల్చుకుని.

"సరే," అన్నాడు వాడు.

ఆదివారం, వెళ్ళాలిరా అని చెప్పినప్పుడూ ఇదే సరే. ఇదే గొంతు. అకోసీత అక్కడే నిలబడిపోయింది. రెండు రోజులు మొగుడి చుట్టూ, పాస్టరు చుట్టూ, ఆడపడుచు కాళ్ళ చుట్టూ తిరిగింది గాని ఈ మూట దగ్గరికి ఒక్కసారీ రాలేదు. నెమ్మదిగా వాడి ఎదురుగా కూర్చుంది.

"నీకు వెళ్ళాలనుందా?"

వాడు ఆలోచించాడు. మామూలుగా అయితే ఆ వ్యవధిలో వికా వంద మాటలు చెప్పి ఉండేది.

"అత్తయ్య ఇంట్లో నాకు తలుపుందట," అన్నాడు.

"ఏం తలుపురా?"

"వేసుకునే తలుపు. లోపలికెళ్ళి వేసుకుంటే ఎవరూ రారట."

అకోసీత తమ ఇంటిని చూసింది. ఉన్నదంతా ఒకే గది, మధ్యలో ఒక తెర. ఆ తెరను వికా రోజుకు యాభైసార్లు ఎగరేస్తుంది, తాను మరో యాభైసార్లు. ఏడేళ్ళుగా వాడు ఆ చప్పుడు మధ్యలో కూర్చుని, ఒక్కసారి కూడా ముఖం చిట్లించకుండా, మంచి పిల్లాడనిపించుకున్నాడు.

"అక్కడ నువ్వుండవు కదా?" అన్నాడు వాడు.

"ఉండను."

"అక్క?"

"ఉండదు."

మళ్ళీ ఆలోచించాడు. మూట విప్పి చొక్కాలు ఒక్కొక్కటే తీసి చాప మీద పెట్టాడు. ఆఖరి చొక్కా దగ్గర చెయ్యి ఆగింది. "సెలవులకయితే వెళ్తాను. మళ్ళీ వచ్చేస్తాను," అన్నాడు. తనకేం కావాలో వాడు నోరు తెరిచి చెప్పడం అదే మొదలు. అకోసీతకు గుండెలో ముల్లు దిగినట్టయింది. కానీ కాదనలేదు.

"అత్తను అడుగుదాం," అంది.

రేవులో పడవ కూత పెట్టింది. బయటి నుంచి వికా గొంతు ఇల్లంతా నిండిపోయింది. "ఒరేయ్ సటేకీ! రారా! పడవ వెళ్ళిపోతోంది! ఇప్పుడు నువ్వు నా మాట వినాలి తెలుసా!"

సటేకీ లేవలేదు. అమ్మ వంక చూశాడు.

అకోసీత లేచి తెరను ఈ గోడ నుంచి ఆ గోడకు పూర్తిగా లాగి, తాను బయటికొచ్చి, దానికి వీపు ఆనించి చాప మీద చతికిలబడింది.

"వాడు రాడే. వాడికి పనుంది."

"ఏం పని?"

"నీకెందుకే," అంది అకోసీత, తెర ఎగరేయబోయిన కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని.